జామోవి: "ఎన్ని డిగ్రీలమ్మా?" అన్న ప్రశ్నకు నాకు దొరికిన సాఫ్ట్‌వేర్

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ నా తీసిస్ తిరగేస్తూ ఫలితాల టేబుల్ దగ్గర ఆగారు. "రెండు గ్రూపులకీ తేడా ఉందన్నావు, బాగానే ఉంది. ఎన్ని డిగ్రీలమ్మా?" అని అడిగారు. నా టేబుల్‌లో టి విలువ ఉంది, పి విలువ (అసలు తేడా లేకపోయినా కాకతాళీయంగా ఇంత తేడా కనిపించే అవకాశం ఎంతో చెప్పే అంకె) ఉంది, దాని పక్కన ఆ అవకాశం తక్కువని చెప్పే నక్షత్రం గుర్తు కూడా ఉంది. మోకాలు ఎన్ని డిగ్రీలు ఎక్కువ వంగిందో మాత్రం లేదు. అక్కడికక్కడే ఒక సగటులోంచి ఇంకోటి తీసేసి చెప్పాను. "అది నువ్వు చూసిన పేషెంట్లలో వచ్చిన తేడా. అసలు తేడా ఎంత నుంచి ఎంత దాకా ఉండొచ్చు?" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

నేను ఫిజియోథెరపిస్టుని. విశాఖలో ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) చేశాను. నా తీసిస్ మోకాలి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్ల మీద. డిపార్ట్‌మెంట్‌కి వచ్చి వ్యాయామాలు చేసేవాళ్లు ఒక గ్రూపు, ఇంటి దగ్గరే ఉండి ఫోన్లో మేం చెప్పినట్టు చేసేవాళ్లు రెండో గ్రూపు. ఆరు వారాల తర్వాత కీలు కోణం కొలిచే గోనియోమీటర్ పెట్టి మోకాలు ఎంత వంగుతోందో కొలిచాను. కొలవడమంతా నా చేతులతో చేసినదే. లెక్కలు మాత్రం తీసిస్‌లకు స్టాటిస్టిక్స్ చేసిపెట్టే ఒక సెంటర్‌కి ఇచ్చాను. అడిగినంత డబ్బు కట్టాను, వాళ్లు పంపిన టేబుల్స్ అలాగే అతికించాను. ఏ టెస్టు వాడారు, ఎందుకు వాడారు అని అడిగితే "అందరికీ ఇదే చేస్తాం మేడమ్" అన్నారు. నేనూ ఊరుకున్నాను. వైవా రోజు తల వంచుకోవాల్సి వచ్చింది, ఆ బాధ చాలా రోజులు పోలేదు.

ఆ తర్వాత నేర్చుకున్నది జామోవి అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్. ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్లో జూనియర్లు లెక్కలు పట్టుకొని నా దగ్గరికి వస్తే అందరికీ దీన్నే చూపిస్తున్నాను. అందుకే ఈ రివ్యూ. సాఫ్ట్‌వేర్ మొత్తం గురించి రాయడం లేదు. రెండు గ్రూపుల సగటులు పోల్చి, తేడాకు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (సార్ అడిగిన "ఎంత నుంచి ఎంత దాకా" అన్న హద్దులు) తీసే పని వరకే రాస్తున్నాను. మా లాంటి పీజీలకు తొంభై శాతం అవసరం ఇక్కడే పడుతుంది.

జామోవి ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడిటిలోనూ నడుస్తుంది. లోపల లెక్క చేసేది ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామింగ్ భాష, పైన కనిపించేది మనకు అలవాటైన ఎక్సెల్ లాంటి తెర. ఎడమ పక్క డేటా, కుడి పక్క ఫలితాలు. ఒక పేషెంట్ కొలత తప్పు కొట్టానని 98 ని 89 గా దిద్దితే, కుడి పక్క టేబుల్ దానంతటదే మారుతుంది. పని ఆపి సేవ్ చేస్తే డేటా, ఫలితాలు, మనం పెట్టిన టిక్కులు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. ఆరు నెలల తర్వాత తెరిచినా "ఈ టేబుల్ ఎలా తీశాను?" అనే టెన్షన్ లేదు, దాని మీద నొక్కితే ఏ టిక్కులు పెట్టామో కనిపిస్తాయి. సెంటర్ నుంచి వచ్చిన వర్డ్ ఫైల్లో నాకు లేనిది ఇదే.

ఇక అసలు విషయం. టి టెస్టుల మెనూలో ఇండిపెండెంట్ శాంపుల్స్ నొక్కితే ఒక పలక తెరుచుకుంటుంది. మోకాలి వంపు ఉన్న కాలమ్‌ని పై గడిలోకి, గ్రూపు కాలమ్‌ని కింది గడిలోకి లాగాలి. వెంటనే టేబుల్ వస్తుంది: టి, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (కోణం డిగ్రీలు కావు, లెక్కకు ఎంత సమాచారం ఆధారంగా ఉందో చెప్పే అంకె), పి. అంతే. తేడా ఎంతో రాదు, ఇంటర్వెల్ రాదు. మీన్ డిఫరెన్స్ అన్నచోట టిక్కు పెట్టాలి, దాని కింద ఉన్న కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌కి మళ్లీ టిక్కు పెట్టాలి. నాకు దీని మీద ఉన్న మొదటి ఫిర్యాదు ఇదే. ఎక్స్‌టర్నల్ సార్ అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు ఆ రెండు టిక్కుల్లో ఉంది, అవి ముందే పెట్టి ఉండాల్సినవి. మొదటిసారి వాడే పిల్లలు పి దగ్గరే ఆగిపోతారు.

రెండో ఫిర్యాదు ఇంకా ముఖ్యమైనది. ఆ పలకలో పైన మూడు టెస్టులు ఉంటాయి: స్టూడెంట్స్, వెల్చ్స్ (రెండూ సగటుల్ని పోల్చే టి టెస్టులే), మాన్-విట్నీ (కొలతల్ని వరసలో పేర్చి పోల్చేది). ముందే టిక్కు పెట్టి ఉండేది స్టూడెంట్స్‌కి. ఆర్‌లో నేరుగా టి టెస్టు అడిగితే, మనం వేరే చెప్పకపోతే వెల్చ్ చేసిపెడుతుంది. అదే ఆర్ మీద కట్టిన జామోవి స్టూడెంట్స్‌తో మొదలుపెడుతుంది. ఈ రెండిటికీ తేడా ఏముందిలే అనుకునేవాళ్ల కోసం కొన్ని అంకెలు వేసి చూపిస్తాను. ఇవి నా తీసిస్ అంకెలు కావు, అదే పోలికలో గుండ్రంగా వేసుకున్నవి.

డిపార్ట్‌మెంట్‌కి వచ్చే గ్రూపులో 40 మంది, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు చుట్టూ కొలతలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె, దీన్నే కింద చెదురు అంటాను) 4 డిగ్రీలు. రోజూ మా కళ్లముందే చేస్తారు కాబట్టి అందరూ దగ్గరదగ్గరగా ఉంటారు. ఇంటి దగ్గర చేసే గ్రూపులో 10 మందే, స్టాండర్డ్ డీవియేషన్ 10 డిగ్రీలు. ఒకాయన చెప్పినదానికన్నా ఎక్కువే చేస్తాడు, ఇంకొకావిడ నొప్పని మంచం దిగదు, అందుకే అంత చెదురుగా ఉంటాయి కొలతలు. సగటుల తేడా 6 డిగ్రీలు అనుకుందాం.

స్టూడెంట్స్ టిక్కుతో 95 శాతం ఇంటర్వెల్ 2.0 నుంచి 10.0 డిగ్రీల దాకా వస్తుంది. సున్నాకి దూరంగా ఉంది, తేడా ఖాయం అని రాసేసుకోవచ్చు. వెల్చ్ టిక్కు పెడితే అవే అంకెలకు -1.2 నుంచి 13.2 దాకా వస్తుంది. ఇందులో సున్నా ఉంది, అంటే అసలు తేడాయే లేకపోవచ్చు కూడా. అవే పేషెంట్లు, అదే గోనియోమీటర్, టిక్కు ఒక్కటే మారింది.

ఎందుకిలా? స్టూడెంట్స్ లెక్క రెండు గ్రూపుల చెదురూ ఒకటే అనుకొని రెండిటినీ కలిపేస్తుంది. కలిపేటప్పుడు 40 మంది ఉన్న గ్రూపు మాటే నెగ్గుతుంది, ఉమ్మడి స్టాండర్డ్ డీవియేషన్ 5.6 దగ్గర తేలుతుంది. నిజానికి మనకు బాగా తెలియనిది ఆ 10 మంది సగటు. తక్కువమంది, పైగా ఒకరికీ ఒకరికీ పొంతన లేని కొలతలు. ఆ అనుమానమంతా 40 మంది చాటున దాక్కుంటుంది. వెల్చ్ లెక్క ఏ గ్రూపు చెదురును వర్గం చేసి ఆ గ్రూపు మందికే భాగించి, తర్వాత కలుపుతుంది. అందుకే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ కూడా 48 నుంచి 9.7 కి పడిపోతుంది. అంటే మన దగ్గర ఉన్న సమాచారం దాదాపుగా ఆ 10 మంది ఇచ్చినంతే అని ఒప్పుకుంటోంది.

చెదురును అటూ ఇటూ మార్చి, 40 మంది గ్రూపుకి 10, చిన్న గ్రూపుకి 4 వేసి చూడండి. ఇప్పుడు స్టూడెంట్స్ తేడాకి అటూ ఇటూ 6.5 డిగ్రీలు ఇస్తుంది, వెల్చ్ 4.1 తో సరిపెడుతుంది. ఈసారి స్టూడెంట్స్ అనవసరంగా వెడల్పు చేసింది. కాబట్టి "వెల్చ్ ఎప్పుడూ వెడల్పుగా ఇస్తుంది, మన ఫలితం పోతుంది" అని భయపడే జూనియర్లకు ఈ రెండో లెక్క కూడా పక్కనే చూపిస్తాను.

జామోవిలో చెదురు సమానమో కాదో చూసే లెవీన్ టెస్టు కూడా ఉంది. అది గట్టిగా తేడా చూపిస్తే టేబుల్ కింద ఒక హెచ్చరిక వస్తుంది. మంచిదే, కానీ "లెవీన్ చూసి, పాసయితే స్టూడెంట్స్, ఫెయిలయితే వెల్చ్" అని చాలా కాలేజీల్లో నేర్పే పద్ధతి నాకు నచ్చదు. పదిమంది ఉన్న గ్రూపులో లెవీన్ టెస్టుకు చెదురు తేడాను పట్టుకునే బలమే తక్కువ. హెచ్చరిక రాలేదంటే సమానమని కాదు, పట్టుకోలేకపోయిందని కూడా కావచ్చు. నేను ఎథిక్స్ కమిటీకి ఇచ్చే సినాప్సిస్‌లోనే "వెల్చ్ పద్ధతిలో 95 శాతం ఇంటర్వెల్" అని ఒక వాక్యం రాయిస్తున్నాను. డేటా చూశాక రెండూ తీసి, ఇరుకుగా వచ్చినది ఏరుకోవడం అనే ఆలోచనే రాకుండా ఉంటుంది.

అవసరం లేనిచోట వెల్చ్ వాడితే నష్టం ఎంత? దీనికి ఒక పాత డేటా ఉంది, ఆర్‌తో పాటే వస్తుంది, పేరు స్లీప్. 1905లో కుష్నీ, పీబుల్స్ అనే ఇద్దరు ప్రచురించిన కొలతలు. పదిమందికి రెండు నిద్రమందులు ఇచ్చి, మామూలు కంటే ఎన్ని గంటలు ఎక్కువ పడుకున్నారో రాశారు. డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గోసెట్, స్టూడెంట్ అనే మారుపేరుతో 1908లో రాసిన వ్యాసంలో ఈ అంకెల్నే వాడాడు. మన టి టెస్టు పుట్టింది ఆ వ్యాసంలోనే. వెల్చ్ పద్ధతి వచ్చింది 1947లో. ఆ ఇరవై అంకెల్ని ఒక ఆదివారం జామోవిలో చేత్తో కొట్టుకున్నాను. మొదటి మందుతో సగటున 0.75 గంట, రెండో మందుతో 2.33 గంటలు. స్టూడెంట్స్ ఇంటర్వెల్ -3.36 నుంచి 0.204, వెల్చ్ ఇంటర్వెల్ -3.37 నుంచి 0.205. గ్రూపులు సమానంగా, చెదురు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు వెల్చ్ వాడినందుకు మనం కట్టే వెల ఇంతే. పెరుగన్నంలో ఒక మెతుకు తగ్గినట్టు.

అయితే అదే డేటాలో ఇంకో పెద్ద పాఠం ఉంది, అది తెలిసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండు మందులూ ఇచ్చింది అదే పదిమందికి. రెండు గ్రూపులు కావు, ఒక గ్రూపే, రెండుసార్లు. జామోవిలో పెయిర్డ్ శాంపుల్స్‌కి వెళ్లి రెండు కాలమ్స్ పక్కపక్కన పెడితే ఇంటర్వెల్ -2.46 నుంచి -0.700 అవుతుంది. సగం వెడల్పే, సున్నా కూడా బయటికి పోయింది. ఒక్కొక్కరి వరస చూస్తే కారణం కళ్లకు కడుతుంది. మొదటి మనిషి 0.7 నుంచి 1.9 కి, రెండో మనిషి -1.6 నుంచి 0.8 కి, ఏడో మనిషి 3.7 నుంచి 5.5 కి. నిద్రపట్టని మనిషి రెండు మందులకీ తక్కువే పడుకున్నాడు, బాగా పడుకునేవాడు రెండిటికీ బాగానే పడుకున్నాడు. అయిదో మనిషికి తేడా సున్నా, మిగతా తొమ్మిదిమందికీ రెండో మందుతోనే ఎక్కువ. మనిషికీ మనిషికీ ఉన్న తేడాను తీసేస్తే మిగిలేది మందుకీ మందుకీ ఉన్న తేడా. తొమ్మిదో మనిషికి మాత్రం ఏకంగా 4.6 గంటలు పెరిగింది. సగటును ఆ ఒక్కడు ఎంత లాగాడో కూడా చూడాలి, జామోవిలో ఆ వరస తాత్కాలికంగా ఫిల్టర్ చేసి చూడొచ్చు. చూడటానికే సుమా, తీసేసి రాయడానికి కాదు.

మా దగ్గర జరిగే తప్పు దీనికి తిరగబడిన రూపం. ప్రతి గ్రూపుకీ ముందు, తర్వాత కొలతలు ఉంటాయి. గ్రూపు ఎ లో ముందూ తర్వాతా పెయిర్డ్ టెస్టు చేసి నక్షత్రం పెడతారు, గ్రూపు బి లో చేస్తే నక్షత్రం రాదు. వెంటనే "ఎ వ్యాయామం మేలు" అని ముగింపు రాసేస్తారు. అది రెండు గ్రూపుల్ని పోల్చడం కాదు, రెండిటినీ విడివిడిగా చూసి ఊహించుకోవడం. బి లో పదిమందే ఉండబట్టి కూడా నక్షత్రం రాకపోవచ్చు. జామోవిలో కంప్యూట్ అనే చోట "తర్వాత - ముందు" అని కొత్త కాలమ్ తయారుచేసి, ఆ మార్పుని రెండు గ్రూపుల మధ్య పోల్చి ఇంటర్వెల్ తీయాలి. ఇంకొంచెం ఓపిక ఉంటే అనోవా మెనూలో ఉన్న ఆంకోవాతో, ముందు కొలతని లెక్కలోకి తీసుకొని చేస్తే సాధారణంగా ఇంటర్వెల్ ఇంకా ఇరుకవుతుంది.

బొమ్మల గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. డిస్క్రిప్టివ్స్ ప్లాట్ అని టిక్కు పెడితే ఒక్కో గ్రూపు సగటు, దానికి అటూ ఇటూ 95 శాతం గీత వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది, తీసిస్‌లో అందరూ పెట్టుకుంటారు. చిక్కేమిటంటే, రెండు గీతలు ఒకదాని మీదికి ఒకటి వస్తే తేడా లేదని అనుకుంటారు. 30 మంది చొప్పున రెండు గ్రూపులు, చెదురు 10, సగటులు 50, 56 అనుకోండి. మొదటి గీత 46.3 నుంచి 53.7 దాకా, రెండోది 52.3 నుంచి 59.7 దాకా పోతుంది. రెండూ కలుస్తున్నాయి. అయినా తేడా ఇంటర్వెల్ 0.8 నుంచి 11.2, సున్నా లేదు. కాబట్టి బొమ్మ పెట్టుకోండి, మాట మాత్రం తేడా ఇంటర్వెల్‌తోనే చెప్పండి.

మాన్-విట్నీ టిక్కు ఎప్పుడు? ఆస్పత్రిలో ఉన్న రోజులు లాంటి కొలతలు ఉంటాయి, అందరూ నాలుగయిదు రోజుల్లో వెళ్లిపోతే ఒకరు ఇన్ఫెక్షన్‌తో ముప్పై రోజులు ఉంటారు. అప్పుడు చాలామంది దీనికి మారిపోతారు. దానికి వచ్చే ఇంటర్వెల్ సగటుల తేడాది కాదని గుర్తుపెట్టుకోవాలి. మంచాల లెక్కకో, ఖర్చుకో సగటే కావాలనుకుంటే ప్రశ్న మార్చేసుకున్నట్టవుతుంది. జామోవి లైబ్రరీలో వాల్రస్ అనే మాడ్యూల్ ఉంది, అటూ ఇటూ చివరల కొలతల్ని కొంత కోసి సగటు తీసే పద్ధతులు అందులో ఉన్నాయి. అదీ వేరే సగటే, కానీ ఏం చేశామో తీసిస్‌లో రాసి చెప్పుకోవచ్చు.

మైనస్ గుర్తు గురించి కూడా చెప్పాలి. జామోవి గ్రూపు కాలమ్‌లో లెవెల్స్ (గ్రూపుల పేర్లు) ఏ వరసలో ఉంటే ఆ వరసలో మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తుంది. మా జూనియర్ ఒకమ్మాయి "అక్కా, నా ఎక్సర్‌సైజు మోకాళ్లని పాడుచేసిందా?" అని కంగారుపడి ఫోన్ చేసింది. ఏమీ కాలేదు, లెవెల్స్ తలకిందులుగా ఉన్నాయి. కాలమ్ పేరు మీద రెండుసార్లు నొక్కి, బాణం గుర్తుతో లెవెల్‌ని పైకి జరిపితే గుర్తు మారిపోయింది. టేబుల్ కింద "డిపార్ట్‌మెంట్ గ్రూపు - ఇంటి గ్రూపు" అని రాసేస్తే చదివేవాళ్లకు అనుమానం ఉండదు.

జామోవి చేయలేనిది కూడా చెప్పాలి. ఏ ఇంటర్వెల్ తీసినా అది శాంపుల్ చిన్నదవడం వల్ల వచ్చే అనుమానాన్నే కొలుస్తుంది. ఇంటి దగ్గర ఉంటామన్న పదిమంది మొదటినుంచీ వేరేరకం మనుషులైతే, దూరం ఊళ్లవాళ్లో, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్లో అయితే, ఆ లోటు ఇంటర్వెల్లో కనిపించదు. 95 శాతం అన్నదాని అర్థం కూడా అంతవరకే. ఇలాంటి అధ్యయనం మళ్లీ మళ్లీ చేసి ప్రతిసారీ ఇలాగే ఇంటర్వెల్ తీస్తే, నూటికి 95 సార్లు అసలు తేడా అందులో పడుతుంది. నా చేతిలో ఉన్న ఈ ఒక్కటి ఆ 95లోదో, మిగతా అయిదులోదో నాకు తెలిసే దారి లేదు.

ఖర్చు చూస్తే సున్నా. నేర్చుకోవడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. సెంటర్‌కి కట్టిన డబ్బు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. కోడ్ రాయడం వచ్చినవాళ్లు నేరుగా ఆర్ వాడుకోవచ్చు, వెల్చ్ ముందే పెట్టి ఉంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో అదే నయం. మౌస్‌తో పనిచేసే మా లాంటివాళ్లకు జామోవికి అయిదుకి నాలుగు ఇస్తాను. వెల్చ్స్, మీన్ డిఫరెన్స్, కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ మూడింటికీ ముందే టిక్కు పెట్టి పంపిన రోజు ఆ అయిదోది కూడా ఇచ్చేస్తాను.

మొన్న ఆ మైనస్ గుర్తు అమ్మాయి తీసిస్ డ్రాఫ్ట్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఫలితాల టేబుల్లో పి కాలమ్ కన్నా ముందు తేడా కాలమ్ ఉంది, దాని పక్కన రెండు అంకెలు, మధ్యలో "నుంచి", పైన "డిగ్రీలు" అని రాసి ఉంది. ఆమె ఇంటర్వెల్లో సున్నా ఉంది. "దీన్ని ఏమని రాయనక్కా, తేడా లేదనా?" అని అడిగింది. లేదని కాదు, ఒక డిగ్రీ నష్టం నుంచి పదమూడు డిగ్రీల లాభం దాకా ఏదైనా కావచ్చు, ఇంతమందితో ఇంతకన్నా చెప్పలేం అని రాయి అన్నాను. అదే మాట, అదే వరసలో, నా ముందే కూర్చొని టైప్ చేసుకుంది.